కువైట్‌కు పోయేటప్పుడు ఎక్కువ సేపు, వచ్చేటప్పుడు తక్కువ సేపు ఎందుకు?

మీరు అడిగింది ఇది: మీ అన్న కువైట్‌లో ఉంటాడు. హైదరాబాద్ నుంచి పోయేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు అరగంట దాకా తక్కువ పడుతోంది. భూమి తిరగడం వల్లే ఇలా అవుతుందని ఎవరో చెప్పారు, నిజమేనా అని.

మాది మైదుకూరు దగ్గర పల్లె. కువైట్‌లో చాలా ఏళ్ళు ఏసీ మెకానిక్‌గా చేశాను. మా కడప వైపు గల్ఫ్‌కు పోయినోళ్ళు ఎక్కువ కాబట్టి ఈ మాట మా ఊరి రచ్చబండ మీద కూడా నడిచేది.

ముందు టైముల చిక్కు తీసేద్దాం. టికెట్ మీద ఉండేవి ఆయా ఊళ్ళ గడియారం టైములు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అది తీసేయకుండా లెక్కేస్తే పోయేది రెండు గంటలే, వచ్చేది ఆరున్నర గంటలు అన్నట్టు కనిపిస్తుంది. మీరు చెప్పిన అరగంట అది తీసేశాక కూడా మిగిలే తేడా, కాబట్టి మీ లెక్క సరైనదే.

భూమి సంగతి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. విమానం గాల్లో ఉంటే కింద భూమి జరిగిపోతుందనే మాటే నిజమైతే, కువైట్ తూర్పుకు జరుగుతూ మనకు ఎదురు రావాలి. అప్పుడు పోయేటప్పుడే తొందరగా చేరాలి. జరిగేది దానికి పూర్తి ఉల్టా. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది, ఆ గాల్లో ఎగిరే విమానమూ తిరుగుతుంది. కాకపోతే భూమి తిరగడానికి ఒక పాత్ర ఉంది: భూమధ్యరేఖ వైపు నుంచి ఉత్తరానికి పోయే పైగాలిని అది తూర్పుకు మళ్ళిస్తుంది.

ఆ మళ్ళిన గాలే అసలు కారణం. నేలకు దాదాపు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు సన్నని పట్టీలా ఒక గాలి దూసుకుపోతుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150 కిలోమీటర్లు, గట్టిగా ఉన్న రోజు 300 కూడా దాటుతుంది. పెద్ద విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే. చలికాలంలో ఈ పట్టీ ఉత్తర భారతం, ఇరాన్, గల్ఫ్ మీదికి దిగుతుంది. అంటే మనోళ్ళ దారిలో చివరి సగం మీద.

సీటు ముందు స్క్రీన్ ఉన్న విమానం దొరికితే నేను సినిమా పెట్టను, మ్యాప్ పెట్టుకుంటాను. ఒక జనవరిలో పోతున్నప్పుడు అరేబియా సముద్రం మీద గంటకు 850 కిలోమీటర్లు చూపించిన గ్రౌండ్ స్పీడ్ (నేల లెక్కన వేగం), గల్ఫ్ దగ్గరపడే కొద్దీ తగ్గుతూ 740కి వచ్చింది. పక్క సీట్లో రాయచోటి ఆయన 'ఇంజన్ ఏమన్నా తగ్గిందేమో' అని టెన్షన్ పడ్డాడు. ఇంజన్ ఏమీ తగ్గలేదు. స్క్రీన్ కింద వరసలో ఎదురుగాలి 130 అని ఉంది. విమానం గాలిని కోసుకుపోయే వేగం మారలేదు, నేల మీద లెక్కేస్తే మాత్రం తక్కువ. కేసీ కాలువకు నిండుగా నీళ్ళు వదిలినప్పుడు ఎదురీదినోళ్ళకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

'పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు లాభమొస్తుందిలే' అంటారు కొందరు. రాదు. దూరం 9,000 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి 100 అనుకోండి. గాలి లేకుంటే రానూపోనూ 20 గంటలు. గాలి ఉంటే వెనక తోపుతో 9 గంటలు, ఎదురుగాలితో పదకొండుంబావు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం. మొదట అట్లాంటిక్ మీదుగా పడమరకు పోయేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపారు, దాదాపు 15,300 కిలోమీటర్లు. దూరం 1,400 పెరిగింది, అయినా వెనక గాలి తోపుతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పాత దారి కంటే సుమారు రెండు గంటలు తక్కువ!

2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనక ఉండగా బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో పోయింది. నేల లెక్కన గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందని వాట్సాప్‌లో తిప్పారు గానీ, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగంలోనే ఎగిరింది.

వానాకాలంలో సంగతి వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పడమటి గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. మన సీమ మీదుగా, 14–16 కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు ఇంకో జెట్ మొదలవుతుంది. దాని గురించి 1958లో లోకానికి వివరంగా చెప్పింది మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. మామూలు విమానాలు ఆ గాలి నడిమికి చేరవు గానీ, దాని కింది భాగం కొంత తగులుతుంది. అందుకే జూలైలో పోయినప్పుడు రాకపోకల మధ్య తేడా బాగా తగ్గుతుంది.

కడప నుంచి ఎగిరే ఏటీఆర్‌కు (ఫ్యాన్ రెక్కలతో నడిచే చిన్న విమానం) కూడా ఈ తేడా ఉంటుందా అని ఇంకొకరు అడిగారు. అది తక్కువ ఎత్తులో, తక్కువ దూరం పోయేది. గాలి వల్ల అటూ ఇటూ కొన్ని నిమిషాలే.

మీ అన్న కువైట్‌లో దిగి ఇంకో విమానం మారి యూరప్ వైపు పోయేదుంటే, డిసెంబరు–ఫిబ్రవరి మధ్య గంట గ్యాప్ ఉన్న టికెట్ తీసుకోవద్దనండి. మామూలు ఎదురుగాలిని కంపెనీలు ముందే టైములో కలుపుతాయి గానీ, గాలి మరీ గట్టిగా ఉన్న రోజు ఇంకో పావుగంటో అరగంటో పోతుంది. ఇటు తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇంటోళ్ళను ఎయిర్‌పోర్టుకు కాస్త ముందే రమ్మనండి.