తాటిచెట్టు మీంచి పడ్డ తమ్ముడు మళ్లీ నడుస్తాడా?

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నులో డి11 ఎముక విరిగిందని రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. 12 రోజులైంది. కాళ్లు కదలడం లేదు. మోకాళ్ల దగ్గర ముట్టుకుంటే మాత్రం తెలుస్తోందట. మళ్లీ నడుస్తాడా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అక్క, నల్గొండ జిల్లా

జవాబు: ముట్టుకుంటే తెలుస్తోందన్నారు చూడండి, మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. వెన్నుపాము దెబ్బతిన్నాక నడక వస్తుందో లేదో చెప్పడానికి మంచం దగ్గర చేసే పరీక్ష చాలా కీలకం. 2011లో యూరప్ డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. దెబ్బ తగిలిన 15 రోజుల్లోపు చూడాల్సినవి ఐదే: వయసు 65 లోపా పైనా, తొడ ముందు కండరం బలం, పిక్క బలం, మోకాలి లోపలివైపు స్పర్శ, మడమ బయటివైపు స్పర్శ. ఏడాదికల్లా ఇంట్లో సొంతంగా నడవగలరా అన్నది వీటితో చాలావరకు అంచనా కట్టొచ్చు. మీ తమ్ముడికి వయసు కలిసొస్తుంది, స్పర్శ కొంత ఉంది. బలమే ఇంకా కనిపించలేదు.

మోకాలి దగ్గర తెలిసినంత మాత్రాన సరిపోదు. మలద్వారం చుట్టూ దూది, సూది మొన తెలుస్తున్నాయా, లోపల వేలు పెట్టినప్పుడు బిగించగలుగుతున్నాడా అన్నది చూశారో లేదో డాక్టర్‌ని అడగండి. మొహమాటపడొద్దు. వీటిలో ఏదున్నా గాయం అసంపూర్ణమని, అంటే వెన్నుపాములో కొన్ని దారులు ఇంకా పనిచేస్తున్నాయని అర్థం. సూది మొన గుచ్చుకుంటున్నట్టు తెలిస్తే ఆశ ఇంకా ఎక్కువ, ఎందుకంటే నొప్పిని మోసే నరాల దారులు, కాళ్లను కదిపే దారులు వెన్నుపాములో దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ ఏమీ తెలియక, బిగింపూ లేకపోతే నడక తిరిగి రావడం అరుదు. ఈ సంగతి ఇప్పుడే చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

కాలు దానంతటదే అదిరితే కదలిక వచ్చిందనుకోకండి. బొటనవేలు ఎత్తమన్నప్పుడు ఎత్తితేనే లెక్క. తొలి వారాల్లో స్పైనల్ షాక్ (దెబ్బకి వెన్నుపాము తాత్కాలికంగా మొద్దుబారడం) వల్ల పరీక్ష సరిగా తేలకపోవచ్చు, నెలకు మళ్లీ చేయించండి. కోలుకోవడం ఎక్కువగా మొదటి 6 నెలల్లో జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది.

ఈలోగా నర్సు నేర్పిన పద్ధతిలో రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. నడుం కింద, పిర్రలు, మడమలు రోజూ చూడండి. చర్మం ఎర్రబడి, నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. పుండు పడితే ఫిజియోథెరపీ వారాల తరబడి వెనకబడుతుంది. కాపడం అసలు పెట్టొద్దు, కాలినా అతనికి తెలియకపోవచ్చు. ఒక పిక్క వాచి వేడిగా అనిపిస్తే మర్దన చేయకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి.