కొత్తది కొనే ముందు తెర మీద ఏముందో చదవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి చివర ఒకటే మాట: "మార్చేయమంటారా?" రౌటర్ మార్చాలా, ప్లాన్ మార్చాలా, అసలు సిస్టమే మార్చాలా అని. ఆ జవాబు నా దగ్గర కంటే మీ తెర మీదే ముందు దొరుకుతుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ప్రశ్న: మాది చిన్న ఆఫీసు. పదిహేను సిస్టమ్స్ ఉన్నాయి. రెండు వారాలుగా పొద్దున ఆన్ చేయగానే కొన్నింటికి నెట్ వస్తోంది, కొన్నింటికి రావడం లేదు. నిన్న రానిదానికి ఇవాళ వస్తుంది, వచ్చినదానికి రాదు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఇంకో మూడు నాలుగింటికి వస్తుంది గానీ, అప్పటిదాకా బాగున్నవి ఒకటో రెండో పోతాయి. నెట్ కంపెనీ వాళ్లొచ్చి లైన్ బాగానే ఉందని చెప్పి వెళ్లారు. రౌటర్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. లైన్ పోతే అందరికీ పోతుంది. రౌటర్ పాడైనా దాదాపు అంతే. మీకు కొందరికి వచ్చి కొందరికి రావడం లేదు, అదీ రోజుకో తీరుగా. పైగా రౌటర్ ఆపి వేస్తే బాగున్నవి పోతున్నాయన్నారు. మీ ఉత్తరం మొత్తంలో అసలు ఆధారం అదే.

నెట్ వచ్చే సిస్టమ్ ఒకటి, రానిది ఒకటి తీసుకోండి. రెంటిలోనూ కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. బోలెడు వరుసలు వస్తాయి. మనకు కావలసినవి రెండే: ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబర్; డిఫాల్ట్ గేట్‌వే, అంటే అది బయటికి వెళ్లడానికి వాడే పెట్టె నంబర్. ఈ రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

రానిదాని అడ్రస్ 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఎంతకీ దొరక్క తనంతట తానే ఒకటి పెట్టుకుంది. అప్పుడు దాని కేబుల్, స్విచ్‌లో (కేబుల్స్ అన్నీ కలిసే పెట్టెలో) అది ఉన్న పోర్ట్ చూడాలి. మీ విషయంలో నా అనుమానం అది కాదు. బాగున్నదాంట్లో గేట్‌వే 192.168.1.1 అనీ, రానిదాంట్లో 192.168.0.1 అనీ ఉంటే దొంగ దొరికినట్టే. మీ ఆఫీసులో అడ్రస్‌లు పంచే పెట్టెలు రెండున్నాయి.

సిస్టమ్ ఆన్ కాగానే "నాకో అడ్రస్ కావాలి" అని నెట్‌వర్క్ మొత్తానికీ వినిపించేలా అడుగుతుంది. సాధారణంగా ఎవరు ముందు పలికితే వాళ్లిచ్చిందే తీసుకుంటుంది. అసలు రౌటర్ ముందు పలికితే నెట్ వస్తుంది. రెండోది పలికితే, దానికి బయటికి వెళ్లే లైన్ లేదు కాబట్టి, దారి అక్కడితో ఆగిపోతుంది. రౌటర్ ఆపి వేసినప్పుడల్లా దానికి నేరుగా కలిసి ఉన్నవి మళ్లీ అడుగుతాయి. మీ దగ్గర వంతులు మారుతున్నది అందుకే.

రెండో పెట్టె ఎక్కడి నుంచి వస్తుందంటారా? నేను ఎక్కువగా చూసింది ఇది: మూల గదిలో వైఫై అందడం లేదని ఎవరో ఇంట్లో వాడకుండా పడి ఉన్న రౌటర్ తెచ్చి, గోడలోంచి వచ్చే కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టుకు (సిస్టమ్స్ తగిలించే చోటికి) తగిలిస్తారు. రెండు వారాల కిందట అలా ఎవరైనా చేశారేమో అడిగి చూడండి.

ఒక చిక్కుంది. రెండు రౌటర్లకూ ఒకే గేట్‌వే నంబర్ ఉంటే ఐపీకాన్ఫిగ్‌లో తేడా కనిపించదు. అప్పుడు ముందు పింగ్ (ping) అని, ఒక ఖాళీ వదిలి, గేట్‌వే నంబర్ కొట్టి అది పలుకుతుందో చూసి, తర్వాత ఏఆర్‌పీ (arp) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఏ అక్షరం కొట్టండి. గేట్‌వే నంబర్ పక్కన రెండేసి అక్షరాల జంటలు ఆరు కనిపిస్తాయి. అది ఆ పెట్టెకు తయారీలోనే ఇచ్చిన గుర్తు. రెండు సిస్టమ్స్‌లోనూ ఆ గుర్తు వేరుగా ఉంటే పెట్టెలు రెండని ఖాయం. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద కూడా ఈ గుర్తు ఉంటుంది. స్టిక్కర్ మీదిదానికీ తెర మీదిదానికీ చివరి అక్షరం తేడాగా ఉన్నా కంగారుపడకండి, ఒకే పెట్టెకు వైఫైకి ఒకటి, కేబుల్‌కి ఒకటి ఉండవచ్చు.

దొరికాక దాన్ని పీకి పక్కన పడేయక్కర్లేదు. ముందు నెట్‌వర్క్ నుంచి తీసి, ఒక ల్యాప్‌టాప్‌కి మాత్రమే కలిపి, దాని సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి. దాని సొంత అడ్రస్‌ను అసలు రౌటర్ వరుసలోనే, ఇంకెవరికీ ఇవ్వని నంబర్‌కు మార్చండి. కొన్నింటిలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే ఈ పనంతా అదే చేసుకుంటుంది. తర్వాత మళ్లీ తగిలించండి. నెట్ రాని సిస్టమ్స్ కేబుల్ ఒకసారి తీసి పెడితే సరైన అడ్రస్ తీసుకుంటాయి.

ఇంకో మాట. తెచ్చినవాళ్లను దయచేసి మందలించకండి. సిగ్నల్ అందక పని ఆగిపోతుంటే, చెప్పినా ఎవరూ పట్టించుకోకపోతేనే ఇలాంటివి జరుగుతాయి. ఆ మూల గదికి సిగ్నల్ అందేలా చూడడం ఆఫీసు బాధ్యత.

ప్రశ్న: ఇంట్లో 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. ఫోన్‌లో వైఫై మీద 250 దాకా చూపిస్తోంది. నా ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడితే 94 దగ్గర ఆగిపోతోంది. కేబుల్ అంటే ఎక్కువ రావాలి కదా?

జవాబు: రావాలి. 94, 95 దగ్గర కదలకుండా నిలబడిందంటే ఆ లింక్ 100 దగ్గర కుదిరిందన్నమాట. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, కొనలో సరిగా నొక్కుకోకపోయినా నెట్ ఆగదు, వేగం పడిపోతుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 100/100 అని ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. మార్చినా అంతే ఉంటే ల్యాప్‌టాప్ పోర్టో, రౌటర్ పోర్టో 100 వరకే తయారైనదై ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేయక్కర్లేదు.

ప్రశ్న: మా పాత డెస్క్‌టాప్‌లో ఏ సైట్ తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని వస్తోంది. అవే సైట్లు ఫోన్‌లో బాగానే వస్తున్నాయి. మా అబ్బాయి బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశాడు, ఫలితం లేదు. ఎవరో హ్యాక్ చేశారని టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండమ్మా. కింద కుడి మూలన తేదీ చూడండి. నెల, రోజు కాదు, సంవత్సరం చూడండి. ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. ప్రతి సైట్‌కూ ఉండే సర్టిఫికెట్ (అది అసలు సైటేనని చూపే గుర్తింపు పత్రం) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. మీ సిస్టమ్ ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటే, ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ దానికి ఇంకా మొదలే కానివిగా కనిపిస్తాయి. అందుకే వద్దంటోంది.

తేదీ సరిచేస్తే వెంటనే సైట్లు తెరుచుకుంటాయి. ప్లగ్ తీసి పెట్టాక మళ్లీ వెనక్కి పోతుంటే, లోపల మదర్‌బోర్డ్ మీద నాణెంలా ఉండే బ్యాటరీ అయిపోయింది. ఎక్కువగా వాడేది సీఆర్2032, 3 వోల్టులది. పవర్ కేబుల్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే మూత తెరవండి. పాతది ఎలా కూర్చుని ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, కొత్తది అలాగే పెట్టండి.

తేదీ సరిగ్గానే ఉండి కూడా ఈ హెచ్చరిక వస్తే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు 'అయినా వెళ్తాను' అని నొక్కకండి. ముఖ్యంగా బ్యాంక్ సైట్‌లో.

ప్రశ్న: మా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ రెండు రోజులుగా టక్ టక్ మంటోంది. ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి ఫార్మాట్ చేయమని అడుగుతుంది. పాప పుట్టినప్పటి నుంచీ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేసి రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే వస్తాయా?

జవాబు: ఇది చదవగానే డిస్క్ తీసి పక్కన పెట్టేయండి. ఫార్మాట్ వద్దు. చెక్‌డిస్క్ కూడా వద్దు, అది తప్పులు సరిచేయబోయి డిస్క్ మీదే రాస్తుంది. ఆ శబ్దం సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. లోపల గుండ్రటి పళ్లెం మీద అటూ ఇటూ కదులుతూ డేటా చదివే హెడ్ తన చోటు పట్టుకోలేక మళ్లీ మళ్లీ వెనక్కి వస్తున్న చప్పుడది. ఆ హెడ్ పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంది. పాడైన హెడ్ పళ్లేన్ని తాకితే అక్కడి ఫోటోలు గీసుకుపోతాయి, ఇక ఎవరూ తేలేరు. "ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అనుకున్న ప్రతిసారీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో మూత విప్పడం అసలే వద్దు, లోపల ధూళి పడకూడదు.

డిస్క్‌ను విప్పి డేటా తీసే ప్రత్యేకమైన ల్యాబ్‌లు ఉంటాయి, ఖర్చు ఎక్కువే. ఫోటోలు ముఖ్యమైతే నేరుగా అక్కడికే పంపండి. మామూలు రిపేర్ చోట ముందు ప్రయత్నించి, కుదరక అక్కడికి వెళ్తే వాళ్లకూ పని కష్టమవుతుంది.

ఈలోగా చేయగలిగింది చాలా ఉంది. పాత ఫోన్లు, కెమెరా మెమరీ కార్డులు, మీరు ఫోటోలు పంపిన బంధువుల ఫోన్లు, ఫోన్‌లో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉన్న క్లౌడ్ బ్యాకప్, అన్నీ వెతకండి. ఖాళీ చేసిన మెమరీ కార్డ్ ఏదైనా దొరికితే దాంతో కొత్త ఫోటోలు తీయకండి. చెరిపేసినవి పైన కొత్తవి పడేదాకా చాలాసార్లు అందులోనే ఉంటాయి. అక్కడ మాత్రం రికవరీ సాఫ్ట్‌వేర్ నిజంగా పనికొస్తుంది.

ప్రశ్న: ఆఫీసులో వైఫై ప్రింటర్ నాలుగు రోజులకోసారి ఆఫ్‌లైన్ అంటుంది. తీసేసి మళ్లీ యాడ్ చేస్తే పనిచేస్తుంది. డ్రైవర్ మార్చాలా?

జవాబు: డ్రైవర్ జోలికి వెళ్లకండి. ప్రింటర్ అడ్రస్ మారుతోంది, సిస్టమ్ పాత అడ్రస్‌కే పంపుతోంది. ప్రింటర్ మెనూ నుంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీసి, అందులోని ఐపీ నంబర్‌ను ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ దగ్గర ఉన్న నంబర్‌తో పోల్చండి. రెండూ వేరైతే రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ దగ్గర ఆ ప్రింటర్‌కు ఒక నంబర్ కేటాయించి, పోర్ట్స్‌లోనూ అదే పెట్టండి.