బైబిల్లో 40 అనే సంఖ్య పదే పదే ఎందుకు వస్తుంది?

దీన్ని రోజుల లెక్కగా కన్నా, ఒక పరీక్షాకాలం నిండిందనే గుర్తుగా చదివితే చాలాచోట్ల అర్థం కుదురుతుంది. నోవహు కాలంలో వాన 40 పగళ్లు, 40 రాత్రులు. మోషే సీనాయి కొండ మీద ఉన్నదీ, నీనెవె నగరం నాశనమవుతుందని యోనా ప్రవక్త ప్రకటించిన గడువూ అంతే. దావీదు, సొలొమోను ఇద్దరూ 40 ఏళ్లే ఏలారంటే నాకైతే కొంత ఉజ్జాయింపు లెక్కే అనిపిస్తుంది.

అసలు తాళంచెవి బైబిల్లోని సంఖ్యాకాండంలో ఉంది. మోషే పంపిన వేగులవాళ్లు 40 రోజులు దేవుడు ఇస్తానన్న కనాను దేశం చూసొచ్చి, అక్కడివాళ్ల ముందు మనం మిడతలమని ఇశ్రాయేలు జనాన్ని బెదరగొడతారు. జనం భయపడి వెనకాడినందుకు శిక్ష రోజుకో ఏడాది చొప్పున పడింది: 40 ఏళ్లు అరణ్యవాసం. ఐగుప్తు నుంచి వచ్చిన పెద్దవాళ్ల తరం రాలిపోయి, కొత్త తరం ఎదిగింది. యేసు 40 రోజుల ఉపవాసం దీనికి జవాబులాంటిది. సాతానుకు ఆయన చెప్పిన మూడు మాటలూ ఆ అరణ్యప్రయాణాన్ని గుర్తుచేసే ద్వితీయోపదేశకాండంలోవే.

యూదుల ఆచారంలో ఇది కొలతల్లోకీ వచ్చింది. శుద్ధిస్నానం చేసే మిక్వేలో కనీసం 40 సెయాల (సెయా అంటే పాతకాలపు యూదుల కొలత) నీళ్లుండాలి. కొరడా దెబ్బలు మాత్రం 39తో ఆపేవారు, ధర్మశాస్త్రం పెట్టిన 40 హద్దు దాటకుండా. అయిదుసార్లు తిన్నానని అపొస్తలుడు పౌలు రాసుకున్నది ఈ దెబ్బలే.

మన చర్చిల్లో ఈస్టర్‌కు ముందు పాటించే శ్రమల కాలమూ (లెంట్) 40 రోజులే. అది మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెడితే 46 వస్తాయి. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు పునరుత్థానాన్ని తలుచుకునే రోజులు కాబట్టి ఉపవాసపు లెక్కలో చేర్చరు.