తిప్పి పంపినవాళ్ళ సంగతి మనకి తెలియదు

ప్రశ్న: మా పైవాటాలో అద్దెకి దిగినాయన పలకరిస్తే పలికేవాడు కాదు. పొగరనుకుని మేమూ మాట్లాడటం మానేశాం. ఆర్నెల్లకి తెలిసింది, ఆయనకి ఒక చెవి అసలు వినపడదట. మనుషుల్ని, పరిస్థితుల్ని ఇంత తప్పుగా ఎలా అంచనా వేస్తాం? మీకు ఇలాంటి అనుభవం ఉందా?

జవాబు: ముందు మీ సంగతి. ఆర్నెల్లకైనా అసలు విషయం మీ దాకా వచ్చింది. చాలా అంచనాలకి ఆ అవకాశమే రాదు. ఈసారి మెట్ల మీద ఎదురుపడితే వినపడే చెవి వైపు నుంచి పలకరించండి. ఇన్నాళ్ళూ మీరు ముఖం తిప్పుకుంటే ఆయన మీ గురించి ఏమనుకున్నాడో, వీలైతే అదీ అడగండి.

ఇక నా అనుభవం. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. ఎవరినీ జడ్జ్ చేయకూడదని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అది మా దగ్గర కుదరదు. మా బతుకే అంచనాల మీద నడుస్తుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డులో నడవడానికి దారుండదు, ఎటు చూసినా బస్తాలే. కొనేవాళ్ళు బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునున్న కాయ పిడికెడు తీస్తారు. రంగు చూస్తారు, తాలు (రంగు పోయి తెల్లబడ్డ కాయ) ఎంతుందో చూస్తారు, చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటుందా అని వింటారు. అర నిమిషంలో రేటు చెప్పేస్తారు. గురి చాలావరకు తప్పదు. కొత్తవాళ్ళు మాత్రం బ్యాడిగి రకం కాయ ఎర్రదనం చూసి దీనికే కారం ఎక్కువనుకుంటారు. దానికి ఉన్నదల్లా రంగు. కారమంటే ఏమిటో సన్నటి తేజ రకం కాయ కొరికితే తెలుస్తుంది.

ఆ నేర్పు ఎలా వచ్చింది? సరుకు చూసుకోకుండా కొంటే సాయంత్రానికి బయటపడుతుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టినదైతే బయటికి తీసిన రోజు బయటపడుతుంది. డబ్బు పోతుంది, కాబట్టి మళ్ళీ ఆ తప్పు చేయరు. డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2009లో కలిసి రాసిన వ్యాసంలో తేల్చిందీ ఇలాంటిదే. ఒక పనిలో నిలకడైన ఆనవాళ్ళు ఉండి, మన ఊహ తప్పో ఒప్పో తెలుసుకుంటూ నేర్చుకునే వీలుంటేనే ఆ ఊహని నమ్మవచ్చు. మనుషుల విషయంలో ఆ వీలు చాలా తక్కువ.

ఒకసారి పల్నాడు వైపు నుంచి ఒక రైతు లారీలో సరుకు తెచ్చాడు. దించిన బస్తాలు కొన్ని చేతికి చెమ్మగా తగిలాయి. చెయ్యి పెట్టిన వ్యాపారి వెంటనే తీసేసి, "నీళ్ళు కొట్టుకొచ్చావా?" అన్నాడు. తూకం కోసం నీళ్ళు కొట్టేవాళ్ళు లేకపోలేదు. కానీ మరీ ఎండిన కాయని బస్తాలో తొక్కితే నలిగి గింజ రాలిపోతుంది. అందుకని తెల్లవారుజామున మంచు పదును మీద బస్తాలు నింపుతారు, కాస్త నీళ్ళు చిలకరించేవాళ్ళూ ఉంటారు. ఎక్కడిదాకా పద్ధతి, ఎక్కడ్నుంచి మోసం అన్నది అంత తేలిగ్గా తేలదు. ఆ రైతేమో గొడవ పెట్టుకోలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ తల దించుకుని నిలబడ్డాడు. అదే తప్పయిపోయింది. "చూశారా, నోరు పెగలట్లేదు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. (గట్టిగా అరిచి ఉంటే దొంగకి నోరెక్కువ అనేవాళ్ళు, అది వేరే సంగతి.)

అక్కడ బరువులు దించే ముఠా మేస్త్రి ఒకాయన ఏమీ మాట్లాడకుండా తడి బస్తాని పక్కకి దొర్లించాడు. గోతాం ఒక పక్క నానిపోయింది, రెండో పక్క పొడిగా ఉంది. మధ్యలోంచి కాయ తీసి విరిస్తే పుటుక్కున విరిగింది. మిగతావి చూస్తే లారీలో కుడి పక్క వరసలో పేర్చినవే తడిశాయి. "నీళ్ళు కొడితే లోపల చెమ్మ ఉంటది. ఇది పైనుంచి పడ్డ తడి. పట్టా చిరిగిందేమో చూడండి" అన్నాడు. నిజంగానే ఒక మూల జానెడు చిరిగి ఉంది. రాత్రి సత్తెనపల్లి దగ్గర జల్లు పడిందని డ్రైవర్ అప్పుడు చెప్పాడు. రైతుని అడిగితే, "నిద్రపోయానయ్యా, నాకు తెలవదు" అన్నాడు. తన సరుకు ఎందుకు తడిసిందో అతనికే తెలియనప్పుడు ఏమని సమాధానం చెబుతాడు?

తడిసిన వరసకి కోత పెట్టి, మిగతాదానికి మామూలు రేటు కట్టారు. కానీ మొదట ఆ మాటన్న వ్యాపారి అప్పటికే పక్క కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆయన లెక్కలో ఆ రైతు ఈరోజుకీ మోసగాడే.

ఎదుటివాడి తీరుకి కారణం అతని గుణంలోనే వెతకడం, అతని చుట్టూ ఏం జరుగుతోందో వదిలేయడం. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు దీనికి ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు. అంతకు ముందు, 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాస్టర్ చదువు చదివే విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. ప్రసంగం చేయాలని వాళ్ళని పక్క బిల్డింగుకి పంపారు. దారిలో ఒకడు గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతుంటాడు. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం సాయానికి ఆగారు. ఆలస్యమైపోయింది, పరిగెత్తమన్నవాళ్ళలో ఆగింది 10 శాతమే. ఆగకుండా పోయినవాణ్ణి మనం చూస్తే రాతిగుండె అంటాం. అతని తొందర మనకి కనపడదు కదా.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా వీధిలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు విజయవాడ సింగ్‌నగర్ జనాన్ని తెగ తిట్టారు. కృష్ణ అలా పొంగుతుంటే ఇళ్ళు ఖాళీ చేయొద్దా అని. మా పిన్ని వాళ్ళు అక్కడే ఉంటారు. కృష్ణ తమ దాకా రాదన్న వాళ్ళ లెక్క తప్పు కాదు. వాళ్ళని ముంచింది బుడమేరు వాగు. గట్లు తెగి ఆ నీళ్ళు మరో వైపు నుంచి వచ్చి పడ్డాయి. తిట్టినవాళ్ళకి ఏ నీళ్ళో కూడా తెలియదు.

మా చెల్లి పెళ్ళిచూపులకి విజయవాడ నుంచి అబ్బాయి తరఫువాళ్ళు మా ఇంటికొచ్చారు. సీజన్లో సెలవు దొరక్క నేను యార్డు నుంచి నేరుగా ఇంటికెళ్ళాను. పొద్దుట్నుంచి కాయ ఘాటులో ఉంటే కళ్ళెర్రబడి, ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోతుంది. గుంటూరు వాళ్ళయితే చూడగానే యార్డులో పనా అని అడుగుతారు. అబ్బాయి తరఫువాళ్ళు మర్యాదగా టిఫిన్ తిని, కబురు చేస్తామని వెళ్ళారు. జాతకాలు కలవలేదని చెప్పి పంపారు. అమ్మాయి అన్న పట్టపగలే తాగొచ్చాడని వాళ్ళనుకున్నట్టు మధ్యవర్తి ద్వారా తెలిసేసరికి చెల్లికి వేరే పెళ్ళయిపోయింది. వాళ్ళ దృష్టిలో మాత్రం ఒక తాగుబోతు ఇంటి సంబంధం తప్పించుకున్నారు.

మా ఓనరు గారిది ఇంకో రకం. పంట మొదట్లో రైతులకి పెట్టుబడికి అప్పిస్తాం. ఎవరికివ్వాలో ఆయనే తేలుస్తారు. ముఖం చూస్తే చెప్పేస్తాను, నా అంచనా తప్పదయ్యా అంటారు. నిజమే, ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది తీర్చారు. కానీ ఇవ్వకుండా తిప్పి పంపినవాళ్ళు? వాళ్ళు వేరే కొట్లో తీసుకుని వడ్డీతో సహా కట్టేసినా మాకు కబురు రాదు. మా లెడ్జర్లో వాళ్ళకి పేజీయే లేదు. ఆయన నమ్మకానికి అదే బలం.

ఈ మాట ఆయనతో అంటే, "ఇవ్వని అప్పుకి లెక్కలేంటయ్యా" అని నవ్వారు. అయినా కాదన్నవాళ్ళ పేర్లు నా డైరీ వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. మే నెల సెలవులకి ముందు, ఖాతాలు తేల్చుకునే రోజుల్లో పక్క కొట్ల గుమస్తాలతో టీ తాగుతూ వాళ్ళ సంగతి వాకబు చేస్తాను. ఒకాయన అప్పు పూర్తిగా తీర్చేశాడని తెలిసింది. ఇంకొకాయన అక్కడా ఎగ్గొట్టాడు.