ఆరుసార్లు రాసిన ‘క్షేమం’

చిరంజీవి శ్రావణిని ఆశీర్వదించి అత్తయ్య వ్రాయునది.

మళ్లీ ఏ మహమ్మారో వచ్చి ఊళ్లు మూతపడితే పిల్లల రక్షణ పనులు ఎలా సాగాలో మీ జిల్లా బాలల సంరక్షణ విభాగం ప్రణాళిక తయారు చేస్తోందని, ఆ పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పగానే మురిసిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చట్టం సంగతులు నీకు తెలిసినవే. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి రేషన్ దుకాణం గోడ మీదా కనిపించాలి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, కిందికి వచ్చే నేరం తెలిశాక పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం కాదు. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి.

నాకు నిద్ర పట్టనివ్వనిది 2020 నాటి సంగతి. బాలల గృహాల్లో కరోనా వ్యాపించకుండా చూడాలని ఆ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, ఇళ్లకు పంపిన పిల్లల యోగక్షేమాలను ఫోను ద్వారా కనుక్కుంటూ ఉండాలన్నదీ ఒకటి. అప్పుడు మేము గృహంలో ఉన్న పదకొండేళ్ల పిల్లనొకదాన్ని తల్లి దగ్గరికి, అంటే సవతి తండ్రి ఇంటికి పంపాము. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ అతనిదే. అతను ఎత్తి, స్పీకరు పెట్టి, పిల్లకు ఇచ్చేవాడు. “నిన్నెవరైనా కొడుతున్నారా?” అని అడిగేదాన్ని. పాతికేళ్ల అనుభవం ఉన్నదాన్ని, కొట్టేవాడు పక్కన నిలబడి వింటుంటే అడగవలసిన ప్రశ్నేనా అది! “లేదు మేడం, బాగానే ఉన్నాను” అనేది. గృహంలో ఉన్నన్నాళ్లూ నన్ను అమ్మమ్మా అని పిలిచిన పిల్ల మేడం అంటోందని నా చెవికి తగలకపోలేదు. అయినా జాబితాలో ఇంకా నలభై పేర్లున్నాయన్న తొందరలో ‘క్షేమం’ అని రాసి తర్వాతి నంబరు నొక్కాను. ఆరు వారాలు, ఆరుసార్లు అలాగే రాశాను.

ఇంటింటికీ సరుకులు పంచుతున్న అంగన్‌వాడీ టీచరు కబురు చేస్తే జూన్‌లో వెళ్లాను. విరిగిన ఎడమ చేయి, ఆసుపత్రికి తీసుకువెళ్లినవారు లేక, వంకరగానే అతుక్కుపోయింది. నన్ను చూసి పరుగెత్తి రాలేదు. కుడిచేత్తో పీట తెచ్చి వేసింది, అంతే.

ఆ నెలలోనే ఒక సమావేశంలో ఫిర్యాదులు తగ్గాయని ఎవరో తృప్తిగా చెప్పారు. బడి మూస్తే ఒంటి మీది వాతలు చూసే టీచరు ఉండదు, భోజనం దగ్గర ఎందుకు తినడం లేదని అడిగే ఆయమ్మ ఉండదు. పని పోయి కోపంతో రగిలే మనిషి మాత్రం రోజంతా ఇంట్లోనే ఉంటాడు. కాబట్టి ఫిర్యాదులు హఠాత్తుగా తగ్గిన మండలానికే ముందు మనుషులను పంపాలని రాయి. దారిలో పోలీసులు ఆపకుండా మీ సిబ్బందికి పాసులు ముందే ఇప్పించు. పిల్లను ఇంటికి పంపే రోజునే ఇద్దరికీ తెలిసిన గుర్తుమాట ఒకటి నేర్పు. ఫోనులో నాలా కొడుతున్నారా అని నేరుగా కాక, పక్కన వినేవారికి అర్థం కాకుండా, అవునని, కాదని సరిపోయే ప్రశ్నలే అడగండి. గడప దాకా వెళ్లగలిగేది అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలే గనుక వారికి ముందే శిక్షణ ఇప్పించు.

నువ్వూ వెళతావని తెలుసు, వద్దన్నా వినవు. చిన్నప్పుడు ఆయాసంతో నా ఒడిలో కూర్చుని తెల్లవార్లూ ఊపిరికి అవస్థపడ్డదానివి, మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని తిరిగావంటే ఊరుకోను.

ముసాయిదా పూర్తవగానే పంపు. ఫోను పరామర్శ గురించి రాసిన పేజీ ముందు చదువుతాను.

నీ అత్తయ్య