సొంత మైక్రోలైట్‌తో లైసెన్సు పరిమితులు తొలగించుకోవచ్చా?

బ్రిటన్‌లో ఉంటున్న తమ అబ్బాయికి మైక్రోలైట్ (ఒకరిద్దరు మాత్రమే ఎక్కే అతి తేలికైన చిన్న విమానం) నడపడానికి పరిమితులున్న లైసెన్సు ఉందని, ఇప్పుడు సొంత విమానం కొన్నాడని, మిగిలిన శిక్షణ అందులోనే పూర్తిచేయవచ్చా అని కావలి నుంచి ఒకరు అడిగారు.

చేయవచ్చు. ఆ లైసెన్సుతో బయలుదేరిన చోటి నుంచి 8 నాటికల్ మైళ్లే, అంటే సుమారు 15 కిలోమీటర్లే తిరగాలి. మన లెక్కలో నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం వరకు. ఈ గీత చెరగాలంటే మొత్తం 25 గంటలు ఎగరాలి, అందులో 10 ఒంటరిగా. దారి కనుక్కుంటూ వెళ్లే శిక్షణ 5 గంటలు ఇందులో భాగమే. ఒంటరిగా చేసే రెండు దూరప్రయాణాలు ఒక్కొక్కటి కనీసం 40 నాటికల్ మైళ్లుండాలి, దాదాపు 74 కిలోమీటర్లు.

రెండు సీట్ల విమానమైతే దానికి ఎగిరే అనుమతి పత్రం చెల్లుబాటులో ఉండాలి. బీమా శిక్షణకూ, శిక్షకుడికీ వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి. చాలామంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. ఒకే సీటుదైతే శిక్షకుడు పక్కన కూర్చోలేడు కాబట్టి ఆ పాఠాలకు స్కూలు విమానమే గతి.

అన్నిటికంటే ముఖ్యంగా, అతను నేర్చుకున్న రకం, కొన్న రకం ఒకటేనా? గుడ్డ రెక్కల కింద వేలాడే రకంలో అడ్డకడ్డీని తనవైపు లాక్కుంటే ముక్కు కిందికి దిగి వేగం పెరుగుతుంది. మామూలు విమానం తరహా రకంలో కర్రను ముందుకు తోస్తేనే ముక్కు దిగుతుంది. నేల దగ్గర పడినప్పుడు చేతులు పాత అలవాటు ప్రకారమే కదులుతాయి, అది ప్రాణాంతకం. రకం మారితే శిక్షకుడితో తేడాల శిక్షణ పొందాకే ఒంటరిగా ఎక్కాలి.