ఆఫర్ గడువు చూసి లేసిక్ చేయించుకోవద్దు

ప్రశ్న: నా వయసు 22. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పదేళ్లుగా కళ్లజోడు వాడుతున్నాను. కుడి కంటి పవర్ మైనస్ 6.5, ఎడమ కంటిది మైనస్ 5. కుడి కంటికి సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనప్పుడు రాసేది) గతేడాది 1 ఉండేది, ఇప్పుడు 2.25 అయింది. ఎండాకాలం కళ్లు విపరీతంగా దురద పెడతాయి, నలుపుకోకుండా ఉండలేను. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి చదువుతున్నాను. కళ్లజోడు అవసరం లేకుండా లేజర్‌తో చేసే లేసిక్ ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రికి వెళ్తే, కుడి కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర) మందం 492 అని చీటీ మీద రాసిచ్చి, నెలాఖరులోగా చేయించుకుంటే తగ్గింపు ఉంటుందన్నారు. చూపు పోతుందేమోనని అమ్మ భయపడుతోంది. రెండు నెలల క్రితం లేసిక్ చేయించుకున్న మా బావ ఇంకా చుక్కల మందు వేసుకుంటూనే ఉన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడు లేసిక్ వద్దు. తగ్గింపు కోసమైతే అసలే వద్దు. మీరు రాసినవాటిలో మూడు సంగతులు నన్ను కలవరపెట్టాయి. ఒక్క ఏడాదిలో సిలిండర్ పవర్ రెట్టింపు దాటడం, కళ్లు నలుపుకునే అలవాటు, కార్నియా కాస్త పలచగా ఉండటం. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే కెరటోకోనస్ ఉందేమోనని చూడాలి. అంటే కార్నియా, పలచబడిన సైకిల్ ట్యూబ్ ఉబ్బినట్టు, లోపలి ఒత్తిడికి ముందుకు పొడుచుకు రావడం. మీకు ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు. లేదని తేలేవరకు లేజర్ ఆ కంటిని తాకకూడదు.

ఎందుకో మీ 492తోనే చెబుతాను. అది మైక్రాన్ల లెక్క. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లేసిక్‌లో ముందుగా కార్నియా పైనుంచి సుమారు 110 మైక్రాన్ల మందాన ఒక పొరను మూతలా లేపుతారు. మిగిలేది 382. ఆ కింద ఎక్సైమర్ లేజర్ ఒక్కో పవరుకు సుమారు 14 మైక్రాన్లు చెక్కుతుంది. యంత్రాన్ని బట్టి, సరిచేసే వెడల్పును బట్టి ఇది కొంత మారుతుంది. మైనస్ 6.5కు 91 పోతే 291 మిగులుతుంది. సిలిండర్ పవర్ కూడా సరిచేయాలంటే ఇంకో 30 పోయి 260 దగ్గర ఆగుతుంది. 250 కంటే తగ్గకూడదన్నది కనీస హద్దు. జాగ్రత్తపరులైన డాక్టర్లు 300 మిగలాలంటారు, నేనూ అదే పక్షం. మూతలా లేపిన పొరను తిరిగి సర్దినా కార్నియాకు దానివల్ల మునుపటి బలం రాదు. బలహీనపడిన కార్నియా కొన్ని నెలలకో ఏళ్లకో ఉబ్బడం మొదలైతే, అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నా చూపు సరిగా ఆనదు. ఎక్టేసియా అనే ఈ సమస్య అరుదే. కానీ వచ్చినవారిలో చాలామందికి ముందే హెచ్చరికలు ఉంటాయి. మీకు ఆ హెచ్చరికలు ఇప్పుడే కనిపిస్తున్నాయి.

చేయవలసిన పరీక్ష కార్నియా టోపోగ్రఫీ. పెంటాక్యామ్ వంటి యంత్రంతో కార్నియా ముందు, వెనక వంపులను రంగుల పటంగా తీస్తారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే మెత్తనివి ఒకటి రెండు వారాల ముందు, గట్టివి కనీసం మూడు నాలుగు వారాల ముందు ఆపాలి, లేకపోతే పటం తప్పుగా వస్తుంది. మీ పాత కళ్లజోడు చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. కెరటోకోనస్ అని తేలితే క్రాస్‌లింకింగ్ చికిత్స ఉంది. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరుస్తారు. ముదరకుండా ఆపడమే దీని పని, కాబట్టి ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. ఏ జబ్బూ లేదని తేలి, ఏడాదిపాటు పవర్ అర కంటే ఎక్కువ మారకుండా నిలిస్తే, అప్పుడు మీలాంటి కంటికి లేసిక్ కంటే కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్సు గురించి ఆలోచించవచ్చు. అది కార్నియాను చెక్కదు. ఖర్చు ఎక్కువ, కంటి లోపల చేసే ఆపరేషన్ కాబట్టి దాని ప్రమాదాలు దానికి ఉంటాయి.

ఇక మీ అమ్మగారి భయం. సరైన కంటిని ఎంచుకుని చేస్తే లేసిక్‌లో చూపు పూర్తిగా పోవడం అత్యంత అరుదు. చేయించుకున్నవారిలో నూటికి 95 మంది వరకు తృప్తిగా ఉన్నామనే చెప్పారు. ఈ మాట ఆమెకు చెప్పండి. మీ బావగారి ఇబ్బంది మాత్రం తరచుగా చూసేదే. పొరను కోసేటప్పుడు కార్నియాలోని సన్నని నరాలు తెగి, కన్నీరు తగ్గుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కుదుటపడుతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. ఊక దుమ్ములో రోజంతా పనిచేసే మీకు ఆ పొడిదనం మరింత బాధిస్తుంది. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించడం మరొకటి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీల వెలుగులో బండి నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు. లేసిక్ వల్ల కంటి వెనక ఉండే పొర, రెటీనా, మారదని కూడా గుర్తుంచుకోండి. మైనస్ 6 దాటిన కంట్లో రెటీనా ఊడే ముప్పు మామూలు కన్నా ఎక్కువ. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని ఏడాదికోసారి చూపించుకోండి. కళ్ల ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కలు వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఉద్యోగం సంగతి చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. లోకో పైలట్‌కు కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. లేసిక్ లేదా అలాంటి ఏ ఆపరేషన్ చేయించుకున్నవారైనా అనర్హులని నియామక ప్రకటనలోనే ఉంటుంది. ఆ కొలువు కోసం ఆపరేషన్ చేయించుకుంటే డబ్బూ పోతుంది, ఉద్యోగమూ రాదు. రైల్వేలోనే కళ్లజోడును అనుమతించే క్లర్కు వంటి పోస్టులు ఉన్నాయి, చదువును అటు మళ్లించండి.

ఈలోగా కళ్లు నలుపుకోవడం ఆపండి. దురద పుట్టినప్పుడు చల్లటి తడిగుడ్డ మూసిన కళ్ల మీద పెట్టుకోండి. మిల్లులో కళ్లను పక్కల నుంచి కూడా కప్పే అద్దాలు వాడండి. అలర్జీకి ఓలోపటడిన్ వంటి చుక్కలు కంటి డాక్టరుతో రాయించుకోండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు దురదను వెంటనే తగ్గిస్తాయి, కానీ నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా రావచ్చు. అలాంటి సీసా ఇంట్లో ఉంటే డాక్టరుకు చూపించండి.